డిస్ట్రిక్టు గీతలు మారితే సిట్టింగ్‌లు ఎక్కడ ఓడతారు?

2004లో అమెరికా ప్రతినిధుల సభకు మళ్లీ పోటీపడిన సిట్టింగ్ సభ్యుల్లో దాదాపు 98 శాతం మంది గెలిచారు. సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఓడినవాళ్లు ఇద్దరు, నవంబరు ఎన్నికలో ఓడినవాళ్లు ఏడుగురు. దేశం మొత్తం మీద తొమ్మిది మందే. ఆ తొమ్మిది మందిలో ఆరుగురు టెక్సాస్ వాళ్లు, ఆరుగురూ డెమొక్రాట్లు. దానికి ముందు ఏడాదే టెక్సాస్ శాసనసభ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) డిస్ట్రిక్టుల, అంటే నియోజకవర్గాల, గీతలు తుడిచేసి కొత్తగా గీసింది.

సిట్టింగ్‌లలో 90 శాతానికి పైగా గెలుస్తారన్న మాట అమెరికా ఎన్నికల గురించి ఎవరు రాసినా కనిపిస్తుంది. మాట నిజమే, తిరకాసంతా లెక్క కట్టే పద్ధతిలో ఉంది. ఆ శాతంలోకి వచ్చేది మళ్లీ పోటీ చేసినవాళ్లే. అదే ఏడాది టెక్సాస్‌లో జిమ్ టర్నర్ అనే మరో డెమొక్రాట్ పోటీకే దిగలేదు. రాల్ఫ్ హాల్ జనవరిలో పార్టీ ఫిరాయించి రిపబ్లికన్‌గా నెగ్గారు, కాబట్టి లెక్కల్లో ఆయన "గెలిచిన సిట్టింగ్". మ్యాపు చేసే నష్టంలో పెద్ద వాటా పోలింగు నాటికే, చాలాసార్లు నామినేషన్ల గడువు నాటికే జరిగిపోయి ఉంటుంది. అందుకే నవంబరు ఫలితాలు చూసి మ్యాపు బలం అంచనా వేస్తే తప్పు లెక్క వస్తుంది. ఎవరు తప్పుకొన్నారు, ఎవరు ఏ డిస్ట్రిక్టుకు మారారు, ప్రైమరీలో ఎవరికి ఎవరు ఎదురుపడ్డారు అన్నవి ముందు చూడాలి.

1992 ఇందుకు మంచి ఉదాహరణ. కొత్త జనగణన తర్వాత గీతలన్నీ మారిన ఏడాది అది. 65 మంది సభ్యులు పోటీకి దూరంగా ఉండిపోయారు, 19 మంది ప్రైమరీల్లో పోయారు, నవంబరులో ఓడింది 24 మంది. సభ్యులు సభ బ్యాంకు నుంచి లేని డబ్బుకు చెక్కులు రాసిన కుంభకోణం కూడా ఆ ఏడాదే రచ్చకెక్కింది గనుక తప్పంతా మ్యాపుల మీద వేయలేం. కానీ అంకెల వరస చూడండి: తప్పుకొన్నవాళ్లే అందరికన్నా ఎక్కువ.

గీత ఎవరి చేతిలో ఉంది

ప్రతినిధుల సభలో సీట్లు 435. పదేళ్లకోసారి జనగణన జరగగానే రాష్ట్రాలకు వాటిని జనాభాను బట్టి పంచుతారు. 2020 లెక్కల ప్రకారం సీటుకు సగటు జనాభా 7,61,169. ఆ పంపకంలో టెక్సాస్‌కు రెండు సీట్లు పెరిగాయి, కాలిఫోర్నియా, న్యూయార్క్, ఒహాయో, పెన్సిల్వేనియా వంటి ఏడు రాష్ట్రాలకు ఒక్కొక్కటి తగ్గింది. మరో 89 మంది లెక్కకెక్కి ఉంటే న్యూయార్క్ తన సీటు నిలబెట్టుకునేది. సీటు తగ్గిన రాష్ట్రంలో కుర్చీల ఆట తప్పదు. గీత ఎంత న్యాయంగా గీసినా ఒకరికి చోటు ఉండదు.

ఒక రాష్ట్రం లోపల డిస్ట్రిక్టులన్నీ జనాభాలో సమానంగా ఉండాలని 1964లో వెస్‌బెరీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1983లో న్యూజెర్సీ మ్యాపులో పెద్ద డిస్ట్రిక్టుకూ చిన్న డిస్ట్రిక్టుకూ ఒక శాతం కూడా తేడా లేకపోయినా కొట్టేసింది. అందుకే ఇప్పుడు లెక్క ఒక మనిషి తేడా వరకూ వస్తుంది. 2003 టెక్సాస్ మ్యాపులో 32 డిస్ట్రిక్టులకు తలా 6,51,619 లేదా 6,51,620 మంది. జనాభా విషయంలో ఇంత పట్టింపు ఉన్న చట్టం ఆకారం విషయంలో, పార్టీ లాభం విషయంలో చాలా మెతక. పార్టీ ప్రయోజనం కోసం గీసిన మ్యాపుల మీద ఫిర్యాదులు ఫెడరల్ కోర్టులు వినవని 2019లో రూచో కేసులో 5-4 తేడాతో తీర్పు వచ్చింది.

మన దగ్గర పునర్విభజన కమిషన్ పని. కమిషన్ ఉత్తర్వుకు చట్టంతో సమానమైన బలం ఉంటుంది, శాసనసభ దాన్ని మార్చలేదు. అయినా సిట్టింగ్‌ల కింద నేల కదలడం మనకూ కొత్త కాదు. 1999, 2004ల్లో మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు గెలిచిన జైపాల్ రెడ్డికి 2009 నాటికి మిర్యాలగూడ అనే లోక్‌సభ స్థానమే లేదు. చేవెళ్లకు మారి గెలిచారు. అమెరికాలో కాలిఫోర్నియా, అరిజోనా, మిషిగన్, కొలరాడో వంటి కొన్నిచోట్ల స్వతంత్ర కమిషన్లు ఉన్నా, ఎక్కువ రాష్ట్రాల్లో మ్యాపు మామూలు బిల్లులా శాసనసభలో పాసై గవర్నరు సంతకంతో చట్టమవుతుంది. మెజారిటీ ఎవరిదో గీత వాళ్లదే.

మ్యాపు గదిలో

గీసేవాళ్ల దగ్గర మూడు పొరల సమాచారం ఉంటుంది. మొదటిది జనగణన సంస్థ ఇచ్చే బ్లాకుల వారీ జనాభా. బ్లాకు అంటే ఊళ్లో నాలుగు వీధుల మధ్య ముక్క అంత చిన్నది. రెండోది పోలింగ్ ప్రాంతాల వారీ పాత ఫలితాలు, అంటే అధ్యక్ష, సెనేట్, గవర్నరు ఎన్నికల్లో ఏ పార్టీకి ఎంత. వీటిని బ్లాకులకు పంచి కలుపుతారు. మూడోది సిట్టింగ్‌ల ఇళ్లు, మ్యాపు మీద చుక్కలుగా. సాఫ్ట్‌వేర్‌లో ఒక వీధిని అటు నుంచి ఇటు లాగితే జనాభా, పార్టీ శాతం, ఏ చుక్క ఎటు పడింది అన్నీ ఆ క్షణంలోనే మారి కనిపిస్తాయి.

ఎదుటి పార్టీ ఓటర్లను ఒకే డిస్ట్రిక్టులో కుక్కేయడం, లేదా నాలుగైదింటిలోకి చెల్లాచెదురు చేయడం అందరికీ తెలిసిన ఎత్తులే. సిట్టింగ్‌లను ఉద్దేశించి చేసేవి మరో రెండు. ఇద్దరు సిట్టింగ్‌ల ఇళ్లను ఒకే డిస్ట్రిక్టులో పడేయడం ఒకటి. సభ్యుడి ఇంటిని అతని పాత ఓటర్ల నుంచి విడదీసి పక్క డిస్ట్రిక్టులోకి తోసేయడం రెండోది. నిజానికి రాజ్యాంగం అడిగేది రాష్ట్ర నివాసం వరకే, డిస్ట్రిక్టులో ఇల్లు ఉండాలన్న షరతు లేదు. ఇల్లు పోయినా పోటీ చేయొచ్చు. కానీ "పక్క ఊరివాడు" అన్న ముద్ర ప్రచారంలో ఊరికే పోదు. నార్త్ కరోలైనాలో మైక్ మెకింటైర్ సొంతూరు లంబర్టన్‌ను 2011 మ్యాపు ఆయన 7వ డిస్ట్రిక్టు నుంచి తీసేసింది. 2012లో ఆయన 654 ఓట్లతో గట్టెక్కారు. 2014లో పోటీ చేయలేదు.

అయోవాలో ఈ మూడో పొరే నిషిద్ధం. అక్కడ మ్యాపు తయారుచేసే శాసనసభ సిబ్బంది సిట్టింగ్‌ల చిరునామాలు చూడకూడదని చట్టం. ఫలితం ఎలా ఉంటుందో 2012లో తెలిసింది. సీట్లు ఐదు నుంచి నాలుగుకు తగ్గాయి. రిపబ్లికన్ టామ్ లేథమ్ ఇల్లు తోటి రిపబ్లికన్ స్టీవ్ కింగ్ ఇంటితో పాటు ఒకే డిస్ట్రిక్టులో పడింది. లేథమ్ సొంత పార్టీ మనిషితో తలపడటం మాని 3వ డిస్ట్రిక్టుకు మారారు, అక్కడి డెమొక్రాట్ సిట్టింగ్ లియోనార్డ్ బాస్వెల్‌ను ఓడించారు. చిరునామాలు చూడని మ్యాపు కూడా ఒక సిట్టింగ్‌ను ఇంటికి పంపింది, అయితే ఎవరిని పంపాలో గీసినవాళ్లు ముందే తేల్చలేదు.

సొంత ఓటు ఎంత, పార్టీ ఓటు ఎంత

సిట్టింగ్‌కు వచ్చే ఓట్లలో రెండు రకాలు కలిసి ఉంటాయి. ఒకటి ఆ ప్రాంతంలో పార్టీకి ఎప్పుడూ పడే ఓటు. రెండోది మనిషిని చూసి వేసేది: పింఛను ఆగితే ఫోన్ చేసి చక్కబెట్టినందుకు, సైనికుల ఆసుపత్రికి నిధులు తెచ్చినందుకు, పదిహేనేళ్లుగా ఊరి ఉత్సవానికి వస్తున్నందుకు. ఈ రెండో రకం గీత దాటి వెంట రాదు. పరిశోధకులు సిట్టింగ్ బలాన్ని కొలిచేది కూడా ఇలాగే. గీతలు మారిన ఏడాది ఒకే అభ్యర్థికి పాత ప్రాంతంలో ఎంత వచ్చింది, కొత్తగా కలిసిన ప్రాంతంలో ఎంత వచ్చింది చూసి, రెండుచోట్లా పార్టీ బలాన్ని తీసేస్తే మిగిలేది ఆ మనిషి సంపాదించుకున్నది.

ఊహా లెక్క ఒకటి వేద్దాం. ఒక సభ్యుడి డిస్ట్రిక్టులో పార్టీ బలం 54 శాతం, సొంత ఓటు 4. మొత్తం 58, నిశ్చింతగా నిద్రపోవచ్చు. కొత్త మ్యాపు పార్టీ బలాన్ని 49కి దించి, పాత ఓటర్లలో 60 శాతం మందిని మాత్రం ఉంచింది. కొత్తవాళ్లలో అతని సొంత ఓటు 1 అనుకుందాం. 49కి పాతవాళ్ల నుంచి 2.4, కొత్తవాళ్ల నుంచి 0.4 కలిపితే 51.8. చెమటలు పట్టినా గెలుస్తాడు. అదే మ్యాపు పాతవాళ్లను 20 శాతమే ఉంచితే వచ్చేది 50.6. మిగతా 80 శాతంలో సగం మందికి ఎదుటి పార్టీ సిట్టింగ్ ఇప్పటికే బాగా తెలిసినవాడై, అక్కడ మనవాడికి ఆ 1 కూడా రాక, అతనికి సొంత ఓటు 4 ఉంటే? మనవాడి లెక్క 48.6కు జారిపోతుంది. పార్టీ బలం మూడుసార్లూ 49 దగ్గరే ఉంది. తేడా తెచ్చింది పాత ఓటర్ల వాటా, ఎదుటి మనిషి.

కొత్త ప్రాంతంలో పేరు సంపాదించుకోవడానికి ఉండేది ఒక్క ప్రచార కాలం. సభ్యులకు సర్కారు ఖర్చుతో ఓటర్లకు ఉత్తరాలు పంపే సౌకర్యం ఉంది, కానీ అది ప్రస్తుత డిస్ట్రిక్టుకే. రేపు తన ఓటర్లు కాబోయేవాళ్లకు ఆ ఖాతాలో మూకుమ్మడి ఉత్తరాలు పంపకూడదు. కొత్త ప్రాంతం వేరే టీవీ స్టేషన్ల పరిధిలో ఉంటే ప్రకటనల ఖర్చు రెట్టింపవుతుంది. పత్రికలు వేరు, కౌంటీ నాయకులు వేరు. విరాళాలు ఇచ్చేవాళ్లు కూడా గెలుస్తాడా లేదా అని కాస్త ఆగి చూస్తారు.

టెక్సాస్, 2003

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే టెక్సాసే. 2002 ఎన్నికల తర్వాత ఆ రాష్ట్రం నుంచి కాంగ్రెస్‌లో 17 మంది డెమొక్రాట్లు, 15 మంది రిపబ్లికన్లు. రాష్ట్ర శాసనసభ మాత్రం పూర్తిగా రిపబ్లికన్ల చేతికి వచ్చింది. జనగణన మ్యాపు అప్పటికే అమల్లో ఉన్నా, కాంగ్రెస్‌లో రిపబ్లికన్ల మెజారిటీ నేత టామ్ డిలే పట్టుబట్టి పదేళ్ల మధ్యలోనే కొత్త మ్యాపు పెట్టించారు. కోరం లేకుండా చేయడానికి దిగువ సభ డెమొక్రాట్లు 50 మందికి పైగా ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్‌కు, తర్వాత 11 మంది సెనేటర్లు న్యూమెక్సికోలోని ఆల్బకర్కీకి వెళ్లి కూర్చున్నారు. అక్టోబరులో బిల్లు పాసైంది.

ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా ఎసరు పెట్టారు. చార్లీ స్టెన్‌హోమ్ 1978లో తొలిసారి గెలిచిన సభ్యుడు. ఊళ్లలో రిపబ్లికన్ అధ్యక్షులకు ఓటేసే రైతులు కూడా ఆయనకు వేసేవారు. కొత్త 19వ డిస్ట్రిక్టులో లబక్ నగరానిదే పైచేయి. లబక్ సభ్యుడు రాండీ నాగెబావర్ 2003 ఉపఎన్నికలో గెలిచి వచ్చిన కొత్త మనిషి. ఇరవై ఆరేళ్ల సర్వీసు ఏడాదిన్నర సర్వీసు చేతిలో ఓడిపోయింది, ఎందుకంటే ఆ ఏడాదిన్నర సర్వీసు సరైన ఊళ్లో ఉంది. మార్టిన్ ఫ్రాస్ట్‌దీ 1978 బ్యాచే. డాలస్, ఫోర్ట్‌వర్త్‌ల మధ్య ఉన్న ఆయన డిస్ట్రిక్టును ముక్కలు చేసి పంచేశారు. ఎటు వెళ్లినా నష్టమే అని తేలాక 32వ డిస్ట్రిక్టులో రిపబ్లికన్ సిట్టింగ్ పీట్ సెషన్స్‌ను ఎదుర్కొని ఓడారు. మాక్స్ శాండ్లిన్, నిక్ లాంప్సన్ కూడా నవంబరులోనే పోయారు.

మిగతా ఇద్దరిదీ ప్రైమరీ ఓటమి. హ్యూస్టన్‌లో క్రిస్ బెల్ డిస్ట్రిక్టు నల్లజాతి ఓటర్ల బలం పెరిగి 9వ డిస్ట్రిక్టుగా మారింది. పార్టీకి కంచుకోట, బెల్‌కు మాత్రం కొత్త ఇల్లు. అల్ గ్రీన్ ఆయన్ను సునాయాసంగా ఓడించారు. రెండో ఓటమి కథ వింత. పశ్చిమాన 23వ డిస్ట్రిక్టులో రిపబ్లికన్ హెన్రీ బొనియా 2002లో హెన్రీ క్వేలర్ మీద చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిచారు. బొనియాను కాపాడటానికి లరీడో నగరంలో సుమారు లక్ష మంది లాటినో జనాన్ని ఆయన డిస్ట్రిక్టు నుంచి తీసి 28లో కలిపారు. లరీడో క్వేలర్ సొంతూరు. దాంతో క్వేలర్ 28కి వచ్చి అక్కడి డెమొక్రాట్ సిట్టింగ్ సీరో రోడ్రిగెజ్‌ను రీకౌంటింగుల తర్వాత 58 ఓట్లతో ప్రైమరీలో ఓడించారు. ఒక రిపబ్లికన్‌ను రక్షించడానికి గీసిన గీత పక్క డిస్ట్రిక్టులో ఒక డెమొక్రాట్‌ను పడగొట్టింది.

కథ అక్కడితో ఆగలేదు. 2006లో సుప్రీంకోర్టు ఆ 23వ డిస్ట్రిక్టును కొట్టేసింది. సిట్టింగ్‌లు ఒకరితో ఒకరు తలపడకుండా చూడటం న్యాయమైన ఉద్దేశమేనని కోర్టు అంతకుముందు ఒప్పుకొన్నదే. తనను ఓడించబోతున్న ఓటర్లను సిట్టింగ్ దగ్గర్నుంచి తప్పించడం మాత్రం ఆ కోవలోకి రాదని, లాటినోల ఓటు హక్కుకు అది దెబ్బ అని చెప్పింది. గీత మళ్లీ మారింది. డిసెంబరులో జరిగిన రనాఫ్‌లో (రెండో విడత పోటీలో) బొనియాను ఓడించినవారు సీరో రోడ్రిగెజ్.

ఈ మ్యాపును తట్టుకున్న ఇద్దరి గురించి చెప్పకపోతే లెక్క ఒకవైపే అవుతుంది. చెట్ ఎడ్వర్డ్స్ 17వ డిస్ట్రిక్టులో అప్పటి అధ్యక్షుడు బుష్ సొంత రాంచ్ ఉన్న క్రాఫర్డ్ కూడా ఉంది. 2004లో అక్కడ బుష్‌కు దాదాపు 70 శాతం ఓట్లు పడితే, డెమొక్రాట్ ఎడ్వర్డ్స్‌కు 51. సొంతూరు వేకో ఆయనకే మిగిలింది. కొత్తగా కలిసిన కాలేజ్ స్టేషన్‌లో ఉన్నది ఆయన చదివిన టెక్సాస్ ఎ అండ్ ఎం. ఎదుట సిట్టింగ్ లేరు. అలా 2010 దాకా నిలిచారు. ఆస్టిన్ నగరాన్ని మూడు ముక్కలు చేశాక లాయిడ్ డాగెట్ పక్క ముక్కకు మారారు. ఆస్టిన్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా సన్నగా దిగిన 25వ డిస్ట్రిక్టు అది. కొత్త ఓటర్ల మధ్య తిరిగి ప్రైమరీ గెలిచారు. మొత్తం మీద 17-15 కాస్తా రిపబ్లికన్ల వైపు 21-11 అయింది.

పార్టీకి సురక్షితం, మనిషికి కాదు

క్రిస్ బెల్‌కు జరిగినదాన్ని చాలామంది తక్కువగా చూస్తారు, నిజానికి ఆ రకమే ఎక్కువగా అర్థం చేసుకోవాల్సినది. దానికి పెన్సిల్వేనియా టిమ్ హోల్డెన్‌కు మించిన ఉదాహరణ లేదు. 2002లో అక్కడ సీట్లు 21 నుంచి 19కి తగ్గాయి. రిపబ్లికన్ శాసనసభ డెమొక్రాట్ హోల్డెన్‌ను రిపబ్లికన్ సిట్టింగ్ జార్జ్ గెకస్‌తో కలిపి, రిపబ్లికన్ మొగ్గున్న 17వ డిస్ట్రిక్టులో పడేసింది. ఒకప్పుడు స్కూల్‌కిల్ కౌంటీ షెరీఫ్‌గా చేసిన హోల్డెన్ అక్కడ 51-49తో గెలిచి మ్యాపును నవ్వులపాలు చేశారు. 2011లో అదే శాసనసభ ఆయన్ను వదిలేసింది. ఎదుటి పార్టీ ఓటర్లను కుక్కేసే పనిలో స్క్రాంటన్, విల్క్స్‌బారీలను తెచ్చి ఆ డిస్ట్రిక్టులో పోసింది. కాగితం మీద డెమొక్రాట్లకు తిరుగులేని సీటు. ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన హోల్డెన్‌కు ఆ కొత్త డెమొక్రాట్లు పరాయివాళ్లు. స్థానికుడైన లాయరు మాట్ కార్ట్‌రైట్ 2012 ప్రైమరీలో ఆయన్ను ఓడించారు. చంపడానికి గీసిన మ్యాపును దాటిన మనిషి, పట్టించుకోకుండా గీసిన మ్యాపులో పోయారు.

ఒకే పార్టీ సిట్టింగ్‌లు ఇద్దరు తలపడితే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది, అక్కడ పార్టీ ఓటు ఇద్దరికీ సమానం గనుక. 2012లో ఒహాయోలో టొలీడో నుంచి క్లీవ్‌లాండ్ దాకా ఈరీ సరస్సు ఒడ్డునే సాగదీసిన 9వ డిస్ట్రిక్టులో మార్సీ కాప్టర్, డెనిస్ కుసినిచ్ ఎదురుపడ్డారు. కుసినిచ్ రెండుసార్లు అధ్యక్ష టికెట్‌కు పోటీపడిన, దేశమంతా తెలిసిన పేరు. గెలిచింది పాత ప్రాంతం ఎక్కువ మిగిలిన కాప్టర్. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో శాన్ ఫెర్నాండో లోయలో హొవార్డ్ బెర్మన్‌కు పార్టీ పెద్దల మద్దతు దండిగా ఉన్నా, కొత్త డిస్ట్రిక్టులో ఎక్కువ పాత ఓటర్లున్న బ్రాడ్ షెర్మన్ గెలిచారు. నియమం అని చెప్పలేం గానీ, ఇలాంటి పోటీ వచ్చినప్పుడు ముందు అడగవలసిన ప్రశ్న ఇదే: ఎవరి పాత ఓటర్లు ఎంతమంది?

బెర్మన్ ప్రస్తావన వచ్చింది గనుక కాలిఫోర్నియా సంగతి. 2001లో అక్కడ రెండు పార్టీలూ కూడబలుక్కుని ఎవరి సిట్టింగ్‌లకు వాళ్లు కంచెలు కట్టుకున్నారు. ఆ మ్యాపు గీసిన సలహాదారు మైకేల్ బెర్మన్, హొవార్డ్‌కు తమ్ముడు. 2002 నుంచి 2010 వరకు 53 సీట్లలో ఐదు ఎన్నికలు, అంటే 265 పోటీలు. సీటు పార్టీ మారింది ఒక్కసారి, 2006లో రిచర్డ్ పాంబో ఓడినప్పుడు. 2010లో ఓటర్లు గీతల పనిని పద్నాలుగు మంది పౌరుల కమిషన్‌కు అప్పగించారు. ఐదుగురు డెమొక్రాట్లు, ఐదుగురు రిపబ్లికన్లు, నలుగురు ఏ పెద్ద పార్టీకీ చెందనివాళ్లు. ఆ కమిషన్ మ్యాపు మీద జరిగిన తొలి ఎన్నికలో, 2012లో, ఏడుగురు సిట్టింగ్‌లు ఓడారు. డేవిడ్ డ్రయర్, జెర్రీ లూయిస్ లాంటి పాత కాపులు పోటీకే రాలేదు. కంచె తీసేస్తే సిట్టింగ్ బలం అసలు ఎంతో అప్పుడు తేలింది.

అత్యాశ బెడిసికొట్టే తీరు

మ్యాపు గీసే పార్టీకి ఎప్పుడూ ఒక ఇరకాటం ఉంటుంది. ఉన్న ఓట్లను మూడు సీట్లలో 58 శాతం చొప్పున పేర్చాలా, ఐదు సీట్లలో 53 చొప్పున పలచగా పరచాలా? పార్టీకి రెండోది కావాలి, సిట్టింగ్‌లకు మొదటిది. తన డిస్ట్రిక్టు నుంచి నమ్మకమైన వార్డులు తీసి పక్క సీటుకు ఇస్తుంటే ఏ సభ్యుడూ సంతోషించడు. అందుకే మ్యాపు గదిలో అసలు గొడవలు ఎదుటి పార్టీతో కన్నా సొంత సభ్యులతోనే ఎక్కువ.

పలచగా పరిచినది గాలి మారితే ఒకేసారి కూలుతుంది. పైన చెప్పిన పెన్సిల్వేనియా 2002 మ్యాపులో నాలుగేళ్ల తర్వాత, 2006లో, నలుగురు రిపబ్లికన్ సిట్టింగ్‌లు ఒకే రోజు ఓడిపోయారు. టెక్సాస్‌లో ఫ్రాస్ట్‌ను ఓడించిన పీట్ సెషన్స్ కూడా 2018లో అదే 32లో కోలిన్ ఆల్‌రెడ్ చేతిలో ఓడారు. 2011లో ఆయన కోసం మళ్లీ దిద్దిన డిస్ట్రిక్టే అది. శివార్లలో జనం మారిపోయారు, మ్యాపు అలాగే ఉండిపోయింది.

డాలస్ ఉత్తర శివార్లు తెలుగువాళ్లకు పరిచయం అక్కర్లేని చోటు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వచ్చిన కుటుంబాలతో ఫ్రిస్కో, ప్లేనో ఊళ్లు పదేళ్లలో గుర్తుపట్టలేనంతగా మారాయి, కాలిన్ కౌంటీలో రిపబ్లికన్ల ఆధిక్యం సన్నబడుతూ వచ్చింది. 2021 మ్యాపు దీనికి విరుగుడుగా ఈ ఊళ్లలో కొంత భాగాన్ని 3వ డిస్ట్రిక్టు నుంచి తీసి, ఓక్లహోమా సరిహద్దు దాకా పల్లె కౌంటీలున్న 4వ డిస్ట్రిక్టులో కలిపింది. రెండు డిస్ట్రిక్టుల సిట్టింగ్‌లకూ ఊపిరి ఆడింది. ఫ్రిస్కోలో గుడికి వెళ్లే ఓటరు, రెడ్ రివర్ ఒడ్డున పశువులు పెంచుకునే ఓటరు ఇప్పుడు ఒకే సభ్యుడికి అర్జీలు పెట్టుకుంటారు.

ఇప్పుడు సొంత ఓటు ఎందుకు చాలడం లేదు

ఎడ్వర్డ్స్ లాంటి గెలుపు ఈ రోజుల్లో దాదాపు అసాధ్యం. 1980లలో సిట్టింగ్ హోదాకు 8 శాతం పాయింట్ల చుట్టుపక్కల విలువ ఉందని అంచనాలు ఉండేవి, ఈ మధ్య అది రెండు మూడుకు పడిపోయింది. అధ్యక్షుడికి ఒక పార్టీ, కాంగ్రెస్‌కు మరో పార్టీ అని ఓటు చీల్చేవాళ్లు తగ్గిపోయారు. 2024లో 435 డిస్ట్రిక్టుల్లో అలా రెండు పార్టీలకు వేసినవి 16 మాత్రమే. పైన వేసిన లెక్కలో సొంత ఓటును 4 నుంచి 2కు దించి చూడండి: 51.8 కాస్తా 50.6 అవుతుంది, కొత్త ప్రాంతంలో ఆ 1 కూడా రాకపోతే ఇంకా కిందికి. అంటే ఒకప్పుడు 6 పాయింట్ల మార్పును తట్టుకున్న సభ్యుడు ఇప్పుడు అదే మార్పుకు పడతాడు. మ్యాపు గీసేవాడి పని సులువైంది.

సభ్యులకూ ఇది తెలుసు. అందుకే పోరాడి ఓడటం కన్నా ముందే తప్పుకోవడం పెరిగింది. 2022లో టెనెసీ శాసనసభ నాష్‌విల్ నగరాన్ని మూడు డిస్ట్రిక్టులకు పంచగానే, అక్కడి డెమొక్రాట్ జిమ్ కూపర్ జనవరిలోనే ఇక పోటీ చేయనన్నారు. ఆ సీటు రిపబ్లికన్లకు పోయింది. సిట్టింగ్‌ల గెలుపు శాతంలో దీని జాడ కూడా ఉండదు.

2025లో టెక్సాస్ మళ్లీ పదేళ్ల మధ్యలో, ఈసారి ఐదు సీట్లు అదనంగా రిపబ్లికన్ల వైపు తిప్పే ఉద్దేశంతో కొత్త మ్యాపు చేసింది. ఆగస్టు 29న గవర్నరు సంతకం పెట్టారు. బదులుగా కాలిఫోర్నియా ఓటర్లు నవంబరులో కమిషన్ మ్యాపును తాత్కాలికంగా పక్కనపెట్టి, అటువైపు ఐదు సీట్లు డెమొక్రాట్లకు తిప్పే మ్యాపును ఆమోదించారు. అక్కడ కెన్ కాల్వర్ట్ 41వ డిస్ట్రిక్టు మొత్తం లాస్ ఏంజెలెస్ కౌంటీకి తరలిపోయింది. ఆయన 40లో సాటి రిపబ్లికన్ సిట్టింగ్ యంగ్ కిమ్ మీద పోటీకి సిద్ధమయ్యారు.

టెక్సాస్ డెమొక్రాట్లకు ఈసారి గీత కన్నా గడియారం ఎక్కువ ఇబ్బంది పెట్టింది. నవంబరు 18న ఎల్‌పాసోలో ముగ్గురు జడ్జీల ఫెడరల్ ధర్మాసనం 2-1తో మ్యాపును ఆపేసింది. డిసెంబరు 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టింది. నామినేషన్ల గడువు డిసెంబరు 8. మధ్యలో నాలుగు రోజులు. 3,125 డాలర్ల రుసుము ఏ డిస్ట్రిక్టు పేరు మీద కట్టాలో ఆ నాలుగు రోజుల్లో తేల్చుకోవాలి. 2003 మ్యాపుతో కాంగ్రెస్‌కు వచ్చిన అల్ గ్రీన్ తన 9వ డిస్ట్రిక్టు హ్యారిస్ కౌంటీ తూర్పు వైపుకు పోవడంతో 18కి మారారు. డాలస్‌లో జూలీ జాన్సన్ 32 నుంచి 33కు జరిగారు, అక్కడి సిట్టింగ్ మార్క్ వీసీ కాంగ్రెస్ పోటీ వదులుకున్నారు. ఆస్టిన్‌లో గ్రెగ్ కజార్ 35 వదిలి 37కు వచ్చారు. అక్కడి సభ్యుడు, ఆనాడు మెక్సికో సరిహద్దు దాకా పోయి గెలిచివచ్చిన లాయిడ్ డాగెట్, ఈసారి పోటీ పెట్టుకోకుండా సీటు ఖాళీ చేశారు. మార్చి 3 ప్రైమరీకి అప్పటికి ఇంకా మూడు నెలలు ఉంది.